గడ్డి పెంచేదెవరని అడగలేదు

ముందే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. నాకు ఫుట్‌బాల్ రాదు. మా ప్రొద్దుటూరులో నేను పెరిగిన రోజుల్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందంటే నమ్మేవాళ్ళు తక్కువ. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా ఆఫీసు పెద్ద సల్మా మేడం టేబుల్ మీద కప్పులు పేర్చి మూడుసార్లు చూపించారు. మూడుసార్లూ అర్థమైనట్టు తలూపాను. ఇలాంటి మనిషి ఒమన్‌లో ఫుట్‌బాల్ క్లబ్బుల్నీ, వాటి యజమానుల్నీ తనిఖీ చేస్తూ ఏడేళ్ళు జీతం తీసుకుని, మొన్న మర్యాదగా రిటైరయ్యాడు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న ఇద్దరు ముగ్గురు ఘుబ్రాలోని మా ఫ్లాటుకొచ్చి, పని ఎలా ఉంటుంది సార్ అని అడిగారు. మాన్యువల్లో ఉన్నది మాన్యువల్లో చదువుకోండి. అందులో లేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి కిందా లేని ఆఫీసు

నేను అసలు సర్వేయర్ని. ఇరవై ఏళ్ళకు పైగా సైట్లలో టేపు, లెవెల్ పట్టుకుని తిరిగాను. చివరి నాలుగేళ్ళు ఒమన్‌లోనే దుక్మ్ అనే ఊరి క్యాంపుల్లో ఉన్నాను. అక్కడ సముద్రం ఉంది, గాలి ఉంది, మాట్లాడటానికి మనిషి మాత్రం లేడు. సరిగ్గా ఆ సమయంలోనే ఇక్కడ క్లబ్బుల్ని ఒక్కొక్కటిగా కంపెనీలుగా మార్చి యజమానుల చేతికి ఇవ్వడం మొదలైంది. ఆ యజమాని తగినవాడేనా, చెప్పినవన్నీ నిజమేనా, మైదానం ఆడటానికి పనికొస్తుందా అని చూసి లైసెన్సు ఇవ్వడానికి ఒక చిన్న ఆఫీసు పెట్టారు. మైదానాలు కొలవడానికి మనిషి కావాలన్నారు. గోల్‌పోస్టుకి, బ్రిడ్జి పిల్లరుకి టేపు ఒకటే కదా అనుకుని అప్లికేషన్ పెట్టేశాను.

మా ఆఫీసు క్లబ్బుల కింద లేదు, లీగు నడిపేవాళ్ళ కింద కూడా లేదు. స్వతంత్రం అంటే వినడానికి దర్జాగా ఉంటుంది. ఆచరణలో దాని అర్థం ఏమిటంటే, మనం ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. మనం నేరుగా వెళ్తే మాత్రం గేటు దగ్గరే ఎదురొచ్చి కౌగిలించుకుంటారు. రెండింటికీ కారణం ఒక్కటే, భయం. ఆ కౌగిలితోనే జాగ్రత్తగా ఉండాలి.

తొమ్మిది కప్పులు

క్లబ్బులో ఏదీ తినకూడదు, తాగకూడదు, పుచ్చుకోకూడదు అని మాకొక నియమం ఉండేది. దాన్ని ఎవరు రాశారో కానీ, వాళ్ళు ఒమన్‌లో ఒక్క ఇంటికైనా అతిథిగా వెళ్ళి ఉండరు. ఇక్కడ వచ్చినవాడికి ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోయకపోతే పోయనివాడికి అవమానం, పోసింది తాగకపోతే పోసినవాడికి అవమానం. మొదటి నెలలో నేను నియమం పాటించి, ముగ్గురు క్లబ్బు పెద్దలకు శత్రువునయ్యాను. ఒకాయనైతే నా ఆరోగ్యం బాగాలేదనుకుని డాక్టరు నంబరు ఇచ్చాడు.

అప్పుడు సల్మా మేడం ఒక మార్గం చెప్పారు. తాగు, తిను, కానీ ఎన్ని తాగావో, ఎన్ని తిన్నావో రిపోర్టులో రాయి అన్నారు. సరేనని ఒక క్లబ్బుకి వెళ్ళాను. చాలు అనుకుంటే ఖాళీ కప్పును చేతిలో అటూ ఇటూ ఊపాలని నాకు తెలియదు. మనవాళ్ళలాగా వద్దు వద్దు అంటూ కప్పు ముందుకు చాపుతున్నాను, ఆ క్లబ్బు పెద్ద పోస్తూనే ఉన్నాడు. ‘తొమ్మిది కప్పుల ఖహ్వా, పదమూడు ఖర్జూరాలు, హల్వా కొంత’ అని రిపోర్టులో నిజాయితీగా రాశాను. మేడం ఆ కాగితం మీద పెన్సిలుతో ఒకటే ప్రశ్న రాసి పంపారు. మైదానం కొలిచావా?

కొలవలేదు. రెండోసారి వెళ్ళాల్సొచ్చింది.

సల్మా మేడం పెన్సిలు

ఆవిడ లాయరు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. రిపోర్టు చదువుతూ ఏదో ఒక వాక్యం దగ్గర పెన్సిలు ఆపి, ఇది నువ్వు చూశావా, నీకెవరైనా చెప్పారా అని అడిగేవారు. చెప్పారు అంటే ఆ వాక్యం కొట్టేసేవారు. మొదటి ఏడాది నా రిపోర్టుల్లో సగం ఆ పెన్సిలు కిందే పోయాయి. కోపం వచ్చేది. ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర అరిచేవాణ్ని. తర్వాత మెల్లగా చూసింది మాత్రమే రాయడం నేర్చుకుని, నాకు అంతా వచ్చేసిందనుకున్నాను. ఆ గర్వంలో ఉండగానే ఇబ్రి క్లబ్బు విషయంలో నా జీవితంలోకెల్లా పెద్ద తప్పు చేశాను.

ఇబ్రి క్లబ్బు మైదానాన్ని వరసగా మూడేళ్ళు నేనే తనిఖీ చేశాను. చుట్టూ ఎండకు కాలిపోయిన నేల, మధ్యలో అంత పచ్చటి గడ్డి. చూస్తే కళ్ళు చల్లబడేవి. మూడేళ్ళూ ‘గడ్డి చాలా బాగుంది’ అని రాశాను. నిజమే, చూసే రాశాను. ఆ ఎండలో అంత గడ్డి ఎవరు పెంచుతున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. రాయలసీమ వాణ్ని, నీళ్ళ కష్టం, నేల కష్టం తెలిసినవాణ్ని, నాకు ఆ ప్రశ్న రాకపోవడం సిగ్గుచేటు.

అబూ మాజిద్ ఫారం

నాలుగో ఏడు ఆ క్లబ్బును అబూ మాజిద్ అనే ఆయన పూర్తిగా తన పేరు మీదకి తీసుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. ఇబ్రిలో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ ఉంది, ఖర్జూరం తోట ఉంది. అప్పటికే చాలా ఏళ్ళుగా క్లబ్బు కమిటీకి ఆయనే పెద్ద. మంచి మనిషి, గట్టిగా నవ్వుతాడు, టీమ్ ఓడితే రెండు రోజులు అన్నం తినడు. ఈయన తగిన యజమాని అని మేము రాసిస్తేనే క్లబ్బు ఆయనదవుతుంది. లేకపోతే పై లీగులో చోటు పోతుంది.

యజమానుల ఫారంలో ‘క్లబ్బు విషయాల్లో తుది నిర్ణయం ఎవరిది’ అని ఒక ప్రశ్న ఉంటుంది. తెర వెనక ఇంకెవరైనా ఉన్నారేమో తెలుసుకోవడానికి పెట్టింది. అందరూ అక్కడ తమ పేరే రాసుకుంటారు. అబూ మాజిద్ ‘మా అమ్మది’ అని రాశాడు. నేను నవ్వాను, మేడం నవ్వలేదు. ఇన్నేళ్ళలో ఆ గడిలో చదివిన మొదటి నిజం ఇదే అన్నారు.

ఉద్యోగుల జాబితా కూడా ఇచ్చాడు. కోచ్, డాక్టరు, డ్రైవరు, వాచ్‌మన్, అందరూ ఉన్నారు. ఆ జాబితా పట్టుకుని మేడం, నేను, అబూ మాజిద్ మైదానం నడిమధ్య నిలబడి మాట్లాడుతున్నాం. సాయంత్రం నాలుగున్నర అయ్యుంటుంది. ఆయన తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాలో ఉన్నాడు, నేను ఆ రోజే ఇస్త్రీ చేయించిన చొక్కాలో ఉన్నాను. ఇక్కడ మా దగ్గర దాపరికం ఏమీ లేదని ఆయన చెప్తూ ఉండగా, నేలలోంచి స్ప్రింక్లర్లు లేచాయి.

మైదానంలో ఉన్నవన్నీ ఒకేసారి లేచాయి. మేడం ఫైలును తల మీద పెట్టుకున్నారు. అబూ మాజిద్ అరబ్బీలో కేకలేస్తున్నాడు. నా కళ్ళజోడు మీద నీళ్ళు, ఎటు పరుగెత్తాలో తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు, హిందీ, వచ్చీరాని అరబ్బీ మాట్లాడుతున్న నా నోట్లోంచి ఆ క్షణంలో అచ్చం మా వీధి తెలుగు ఊడిపడింది. ఎవడ్రా వాడు, నీళ్ళు కట్టేయ్ అని అరిచాను.

గోల్‌పోస్టు వెనక పంపు గది ఉంది. బయట తాళం వేలాడుతోంది. లోపలి నుంచి ఎంతో వినయంగా జవాబొచ్చింది.

“ఆయె సారూ, ఇంక అయిదు నిమిషాలు.”

నీళ్ళు ఆగలేదు. సరిగ్గా అయిదు నిమిషాలు పోశాకే ఆగాయి. మేడం తడిసిన ఫైలు దులుపుకుంటూ, అతనేమన్నాడు అని నన్ను అడిగారు. తర్జుమా చేశాను. ఆవిడ జాబితా తెరిచి, ఈ అయిదు నిమిషాల మనిషి పేరు ఇందులో ఎక్కడుంది అని అబూ మాజిద్‌ని అడిగారు. ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు.

లింగయ్య బతాకా

తాళం తీస్తే జగిత్యాల దగ్గరి మనిషి, లింగయ్య బయటికొచ్చాడు. యాభైకి దగ్గరగా ఉంటాడు. తనిఖీ ఉన్న ప్రతిసారీ అతన్ని ఆ గదిలో పెట్టి బయట తాళం వేసేవారట. మూడేళ్ళూ నేను ఆ గది గోడకి ఆనుకుని టేపు పట్టుకున్నాను, లోపల అతను నా టేపు చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఈసారి తనిఖీ ఆలస్యమైంది. నీళ్ళ వేళ దాటిపోతోంది. గడ్డి ఎండుతుంటే చేతులు ఊరుకోలేదని చెప్పాడు. తెలుగులో కేక వినగానే, నోరు మూసుకుని కూర్చోవాలన్న సంగతి కూడా మరిచిపోయాడు.

దాచడానికి కారణం అతని బతాకా. అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. దాని ప్రకారం లింగయ్య అబూ మాజిద్ తోటలో ఖర్జూరం కూలీ. ఒక పనికని తెచ్చిన మనిషిని ఇంకో చోట పెట్టడం ఇక్కడి చట్టంలో తప్పు. పెట్టినవాడిదీ తప్పే, చేసినవాడిదీ తప్పే. పట్టుబడితే పెట్టినవాడు జరిమానాతో పోతాడు, చేసినవాడు విమానం ఎక్కుతాడు. ఇద్దరూ కలిసే చేసిన తప్పు, ఇల్లు మాత్రం ఒకడిదే కూలుతుంది.

మేడం, అబూ మాజిద్ ఆఫీసు గదిలోకి వెళ్ళాక లింగయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

“పదకొండేండ్ల సంది ఈ గడ్డే సారూ నాకు. ఆ తోట ఏ దిక్కున్నదో గుడ నాకు తెల్వది. రాయకుండ్రి. మా బిడ్డ నర్సింగు సదువుతున్నది, ఇంక రెండేండ్లున్నది. మీరు మనోళ్ళు.”

మనోళ్ళు అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే దుక్మ్‌లో నాలుగేళ్ళు మొహం వాచిపోయినవాణ్ని నేను. చూస్తాను లింగయ్యా అని మాత్రం అన్నాను. పిరికి మాట అది. రాస్తానని చెప్పలేదు, రాయనని కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె అన్నం వడ్డించడం ఆపేసింది.

“గడ్డి బాగుందని మూడేండ్లు రాసింది మీరే. ఇప్పుడు అదే గడ్డికి మీ పుణ్యాన ఆయప్ప కూడు పోతాది.”



రాసింది, కొట్టేసింది

రాశాను. ఇది చదివే కొత్తవాళ్ళకి నచ్చకపోవచ్చు. మనవాడు కదా అని ఒకసారి వదిలేస్తే, రేపు ఇంకొకడు వాళ్ళవాడు కదా అని వదిలేస్తాడు. అప్పుడు యజమానులకి కావాల్సింది కూడా అదే. రిపోర్టులో మూడు విషయాలు పెట్టాను. మొదటిది, మనిషిని దాచిన తప్పు యజమానిది. రెండోది, ఆ మనిషిదీ నాదీ ఒకే భాష, కాబట్టి నా మాట మీద అనుమానం ఉంటే ఇంకొకర్ని పంపండి. మూడోది, ఈ మైదానం ఈ మనిషి ఉన్నంతవరకే మైదానం, ఇతను లేకపోతే లైసెన్సు ఇవ్వకూడదు.

మేడం మొదటి రెండూ ఉంచి మూడోదాని దగ్గర పెన్సిలు ఆపారు. అతను లేకపోతే ఏమవుతుందో చూశావా అని అడిగారు. చూడలేదన్నాను. కొట్టేశారు. ఆ రోజు ఆవిడ మీద నాకొచ్చిన కోపం ఇంకెవరి మీదా రాలేదు. ఒక మనిషి బతుకు పోతుంటే పెన్సిలు పట్టుకుని కూర్చున్నారే అని మొహం మీదే అన్నాను. ఆవిడ ఫైలు మూసి, పది రోజుల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు.

ఈలోగా అబూ మాజిద్ చాలా తెలివైన పని చేశాననుకున్నాడు. కార్డు మీద ఖర్జూరం కూలీ అని ఉంది కాబట్టి లింగయ్యని నిజంగానే ఖర్జూరం తోటకి పంపించేశాడు. దాంతో కాగితం నిజమైపోతుందని ఆయన లెక్క. కాస్త గొడవ సద్దుమణిగాక ఇంటికి టికెట్ కొనాలని మేనేజరుకి చెప్పి ఉంచాడట. లింగయ్య ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాడు. చెట్టు ఎక్కమన్నారట, సగం ఎక్కి కళ్ళు తిరిగి అక్కడే పట్టుకుని వేలాడితే, నలుగురు కలిసి దింపారట. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను ఏమీ చేయలేను లింగయ్యా, నా చేతిలో లేదు అని చెప్పాను. అది నిజం. 

మైదానం పని ఇటుకల ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌కి అప్పజెప్పారు. పని అంటే గట్టిగా చేసే మనిషి. గడ్డి కోసే మిషను బ్లేడును ఎంత కిందికి దించగలిగితే అంత కిందికి దించి, ఎండాకాలం నడిమధ్యలో మొత్తం మైదానం కోసేశాడు. మళ్ళీ మళ్ళీ కోసే పని ఉండదు కదా అన్నాడట.

పది రోజులకి మేడం, నేను వెళ్ళాం. గేటు దగ్గర ఈసారి ఎవరూ కౌగిలించుకోలేదు. మైదానం తిరుమల వెళ్ళొచ్చిన తలలా ఉంది. ఒక గోల్‌పోస్టు నుంచి ఇంకో గోల్‌పోస్టు దాకా దుమ్ము. అబూ మాజిద్ గీత బయట, ఎవరో పోయిన ఇంట్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఖహ్వా పోయడం కూడా మరిచిపోయాడు. సీజను మొదలవడానికి మూడు నెలలు కూడా లేవు.

మేడం మైదానం చుట్టూ ఒక్కరే నడిచొచ్చారు. కారు బానెట్ మీద రిపోర్టు పెట్టి, కొట్టేసిన మూడో విషయాన్ని పెన్నుతో తన చేత్తో మళ్ళీ రాశారు. గడ్డి తెలిసిన మనిషిని క్లబ్బు తన పేరు మీద, తన కాగితాల మీద, ఎక్కడా దాచకుండా పెట్టుకునేదాకా ఈయన్ని యజమానిగా ఒప్పుకోం అని ఉంది అందులో. ఇప్పుడు చూశాం కదా అన్నారు నాతో. అబూ మాజిద్ చదివి, లింగయ్యనే పెట్టుకోవాలా అని అడిగాడు. మీకు ఇంకెవరైనా తెలుసా అని మేడం అడిగారు. ఆయన ఆ దుమ్ము వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆ తర్వాత ఆయన స్వయంగా కార్మిక శాఖ కిటికీ దగ్గరికెళ్ళి తప్పు తనదని ఒప్పుకున్నాడు. జరిమానా కట్టాడు. తనంతట తానే వచ్చి ఒప్పుకున్నాడు కాబట్టి లింగయ్యని విమానం ఎక్కించలేదు. కాగితాలు మారడానికి రెండు నెలల చిల్లర పట్టింది. ఆ రెండు నెలలూ లింగయ్య పని చేయకూడదు కాబట్టి రూమ్‌లో కూర్చుని, రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి తిట్టేవాడట. లింగయ్య కోసం నేను చేసింది చాలా తక్కువ. ఆ ఫోర్‌మన్ అంత గట్టి పనివాడు కాకపోతే లింగయ్య ఈపాటికి జగిత్యాలలో ఉండేవాడు. అప్పుడు కూడా నేను రాసింది సరైనదే అయ్యేది. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

అక్టోబరు తనిఖీ

చివరి తనిఖీకి అక్టోబరులో వెళ్ళాం. కొత్త విత్తనం మొలిచి, దుమ్ము మీద లేత పచ్చదనం పరుచుకుంది. ఉద్యోగుల జాబితాలో కోచ్ పేరు కింద ‘లింగయ్య, మైదానం బాధ్యుడు’ అని ఉంది. మేడం, అబూ మాజిద్, నేను ముగ్గురం కబుర్లాడుకుంటూ గీత దాటబోయాం. లింగయ్య పైపు కింద పడేసి పరుగెత్తుకొచ్చి చేతులు అడ్డం పెట్టాడు.

“సారూ, బూట్లు ఇడిసి రాండ్రి. కొత్త ఇత్తనం.”

నేను తనిఖీకి వచ్చానయ్యా అన్నాను కాస్త గంభీరంగా.

“నా పేరు రాపిచ్చింది మీరే గద. ఇగ గడ్డికి ఏమన్నైతే నన్నే అడుగుతరు.”

మేడం ఏమిటంటున్నాడని సైగ చేశారు. అబూ మాజిద్ తన సొంత మైదానం బయట నిలబడి నా మొహం చూస్తున్నాడు. నేను గొంతు తగ్గించి, యజమానిని ఇక్కడి కూలీలు పిలిచే మాటలోనే, అర్బాబ్ కూడానా లింగయ్యా అని అడిగాను. లింగయ్య అబూ మాజిద్ చెప్పుల్ని ఒకసారి చూశాడు.

“అర్బాబ్ అని గడ్డికి ఎట్ల తెలుస్తది సారూ?”

నేను ఒక్క ముక్క కూడా వదలకుండా తర్జుమా చేశాను. ముందుగా చెప్పులు విప్పింది అబూ మాజిదే.